ఆటకు ముందు తగువు

“నా స్కేట్లు ఎవరు సాన పట్టారు?”

సాన చక్రం మోతలో ఐలీకి ఆ మాట మూడోసారికి గానీ వినపడలేదు. తల ఎత్తేసరికి గుమ్మం నిండా ఒక మనిషి నిలబడి ఉన్నాడు. భుజాలకి కవచం, కాళ్లకి ఉత్త మేజోళ్లు. రెండు స్కేట్లనీ, కుందేళ్లని చెవులు పట్టుకుని తెచ్చినట్టు, చెరో చేత్తో ఎత్తి పట్టుకున్నాడు.

రెమీ ఊలెట్. కివిరాంత కాలేజీ ఐస్ హాకీ జట్టులో డిఫెన్స్ ఆటగాడు, మూడో సంవత్సరం. అతనెవరో ఐలీకి తెలుసు. ఐలీ ఎవరో అతనికి తెలియదు.

“నేనే. ఏం, తెగిందా?” అంది.

“తెగడం కాదు. ఎవడి కాళ్లో అరువు తెచ్చుకుని తొడుక్కున్నట్టుంది.”

“అయితే అవి తిరిగిచ్చేసి నీ కాళ్లు తెచ్చుకో.”

రెమీ వెనక ఎవరో కిసుక్కుమన్నారు. గోల్ కీపర్ గస్ హాల్వర్సన్, గోడకి ఆనుకుని తాపీగా నారింజ పండు ఒలుస్తున్నాడు.

“చీటీ చదివే పట్టావా?” అన్నాడు రెమీ.

“చీటీలో ఏముందో అదే పట్టాను.”

“ఇవాళ పడ్డానంటే నీ పేరు చెప్తా.”

“నా పేరు తెలిస్తే కదా.”

అతను గిరుక్కున తిరిగి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం ఆటలో రెమీ పడలేదు. రెండు గోల్స్ కొట్టాడు. అంతవరకూ ఏడు ఆటల్లో ఆరు ఓడిన జట్టు, ఆ నవంబరు శుక్రవారం ఆరు ఒకటితో గెలిచింది.

అయితే ఆ తగువులో ఒక అబద్ధం ఉంది. ఐలీ చీటీలో ఉన్నది పట్టలేదు.

స్కేటు బ్లేడు అడుగున పొడుగునా ఒక గాడి ఉంటుంది. గాడి లోతైతే అంచులు మంచుని గట్టిగా కరుస్తాయి. లోతు తగ్గితే కాస్త జారనిస్తాయి. ఎవరికి ఎంత లోతు కావాలో వాళ్లే చీటీ మీద రాసి స్కేట్లకి కట్టి పంపుతారు. రెమీ చీటీలో రెండు కాళ్లకీ ఒకటే లోతు ఉంది. ఐలీ కుడి కాలికి అదే పట్టింది. ఎడమ కాలికి తగ్గించింది.

కారణం ఆమె చెవులు. ఆమె సాన పట్టే గది, ఆట ఆడే మంచు మైదానం రింక్‌కి ఆనుకునే ఉంటుంది. కిటికీ తీస్తే మంచు మీద ఎవరు తిరుగుతున్నారో చూడకుండానే చెప్పగలదు. పదేళ్ల వయసు నుంచి, ఇదే పని చేసిన తాత చక్రం పక్కన కూర్చుని నేర్చుకున్న విద్య అది. రెమీ కుడి కాలు కొత్త గుడ్డ చింపినట్టు సర్రున వెళ్లేది. ఎడమ కాలు మాత్రం ప్రతి మలుపులోనూ ఒక్క క్షణం ఊపిరి బిగబట్టేది. మార్చిలో విరిగిన చీలమండ అది. పూర్తిగా అతుక్కుందని కోచ్‌కి చెప్పాడు. మంచు దగ్గర మాత్రం దాచలేకపోయాడు. ఆగిన ప్రతిసారీ లోతైన గాడి మంచుని పట్టుకుని ఆ ఎముకని లాగుతోంది. కాస్త జారనిస్తే నొప్పి ఉండదనుకుంది ఐలీ. అడక్కుండానే జారనిచ్చింది.

ఆ వృత్తిలో అంతకంటే పెద్ద తప్పు లేదు. జట్టు సామాన్లన్నీ చూసుకునే ఆర్విడ్ బాబాయ్, అదే కాలేజీలో చదివే ఆమెని పనిలో పెట్టుకున్న రోజునే చెప్పాడు. “బ్లేడు ఆటగాడిది. చీటీ వాడి మాట. నీకెంత తెలిసినా సరే, వాడి మాట మీద చెయ్యి వెయ్యకు.”

సోమవారం నిజం చెప్పేద్దామనుకుంది. ఆదివారమే గస్ వచ్చాడు.

“శుక్రవారం ఏమన్నావో గుర్తుందా?” అన్నాడు చాలా గంభీరంగా.

“ఎందుకు?”

“మళ్లీ అనాలి. ప్రతి ఆటకి ముందూ. వాడూ అంటాడు, నేనూ నారింజ ఒలుస్తాను. ఒక్క ముక్క మారకూడదు.”

“నీకు పిచ్చా?”

“ఆరు ఓటములు తల్లీ. ఆరు. మా కోచ్ శుక్రవారం ఏ కొట్లో ఏ మాంసం కూరిన పాస్టీ తిన్నాడో అదే రేపటి నుంచి రోజూ తింటాడట. నేను మేజోళ్లు ఉతకడం మానేశాను. నువ్వు నాలుగు ముక్కలు అనలేవా?”

హాకీ వాళ్ల సంగతి ఐలీకి తెలియనిది కాదు. గెలిచేటప్పుడు వాళ్లు తలుపు గొళ్లెం కూడా మార్చరు.

“సరేలే. కానీ ఆ రెమీతో నాకొక మాట చెప్పాల్సింది...”

“అదే వద్దు,” అన్నాడు గస్. “ఆ రోజుకి ముందు మీరిద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. కాబట్టి ఇకముందూ మాట్లాడుకోకూడదు. నీ పేరు వాడికి తెలియకూడదు. తెలిసినా తెలియనట్టుండాలి. సీజన్ అయ్యాక మీ ఇష్టం.”

అలా మొదలైంది.

శుక్రవారం వచ్చేది. గుమ్మంలో రెమీ నిలబడేవాడు. నా స్కేట్లు ఎవరు సాన పట్టారు? నేనే, ఏం, తెగిందా? వెనక గోడ దగ్గర నారింజ వాసన. చీటీలో ఏముందో అదే పట్టాను. ఆ మాట దగ్గరకొచ్చేసరికి ఐలీ కళ్లు చక్రం వైపు తిప్పుకునేది. అక్కడ కళ్లు తిప్పడం కూడా తంతులో భాగమేనని గస్ అనుకునేవాడు.

జట్టు గెలుస్తూ పోయింది.

డిసెంబరులో ఐలీకి జ్వరం వస్తే ఆమె మాటలు గస్ ఆడగొంతుతో చదివాడు. అయిదు ఒకటితో ఓడారు. జనవరిలో రెమీ గుమ్మంలోకి వచ్చి, ఏమరపాటున “గుడ్ ఈవినింగ్” అన్నాడు. అదనపు సమయంలో ఓడారు. ఆ రాత్రి బస్సులో రెమీతో ఎవరూ మాట్లాడలేదట. ఆ రెండూ తప్ప ఇక ఓటమి అన్నది లేదు. తుపానుకి రోడ్లు మూసుకుపోయి ఊళ్లో నారింజలు దొరక్కపోతే, మంచు తోసే బండి డ్రైవరు నలభై మైళ్లు పోయి ఒకే ఒక్క పండు పట్టుకొచ్చాడు. బండి హారన్ కొట్టుకుంటూ మరీ వచ్చాడు.

మాటలు మార్చకూడదు. గొంతు మార్చకూడదని మాత్రం గస్ చెప్పలేదు.

ఆ సంగతి ముందు రెమీయే కనిపెట్టాడు. నవంబరులో అరిచిన మాటని జనవరి చివరికి మెల్లిగా, దాదాపు నవ్వుతూ అనడం మొదలుపెట్టాడు. “ఎవడి కాళ్లో అరువు తెచ్చుకుని తొడుక్కున్నట్టుంది.” అదే మాటని వారం వారం కొంచెం కొంచెంగా దగ్గరకి జరిపాడు. ఐలీ కూడా తక్కువ తినలేదు. “అయితే అవి తిరిగిచ్చేసి నీ కాళ్లు తెచ్చుకో” అనడంలో ఎన్ని రకాలున్నాయో ఫిబ్రవరికల్లా ఆమెకి బాగా తెలిసింది.

“ఇదేమిట్రా, తగువులా లేదు,” అన్నాడు గస్ ఒకసారి అనుమానంగా.

“ఒక్క ముక్క మారిందా?” అంది ఐలీ.

“మారలేదు.”

“మరి నీ పండు నువ్వు ఒలుచుకో.”

క్యాంటీన్‌లో ఎదురైతే తలలు తిప్పుకునేవాళ్లు. తిప్పుకునే ముందు ఒక్క క్షణం ఆలస్యం. ఊరి పక్కన సరస్సు మీంచి గాలి వీచి రెండడుగుల మంచు కురిసిన పొద్దున ఐలీ పార తీసుకుని బయటికొచ్చేసరికి, కారు చుట్టూ శుభ్రంగా తవ్వేసి ఉంది. వీధి చివర భుజాన పార వేసుకుని వెనక్కి చూడకుండా పోతున్న ఆ వీపు ఎవరిదో పోల్చుకోవడానికి ఆమెకి చెవులు అక్కర్లేకపోయింది. మాట్లాడకూడదన్నారు. మంచు తవ్వకూడదనలేదు.

ఒకరోజు ఉదయం, ప్రాక్టీసుకి అందరికంటే ముందు, అతనొక్కడే రింక్‌లో దిగాడు. నీళ్లు పోసి ఆరిన కొత్త మంచు, మీద ఒక్క గీత లేదు. ఐలీ కిటికీ తీసింది. రెమీ వెనక్కి జారుతున్నాడు. అంత పెద్ద మనిషి, వెనక్కి, చూడకుండా, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకుంటూ, నదిలో దుంగ దానంతటదే మలుపు తిరిగినట్టు తిరుగుతున్నాడు. రెండు కాళ్లకీ రెండు స్వరాలు. కుడిది పైస్థాయి, ఎడమది కింద. రెండూ కలిసి గోడలకి తగిలి తిరిగొస్తుంటే ఐలీకి వొళ్లు జలదరించింది. తన చేతిలోని సన్నని ఉక్కు అంచు మీద ఒక మనిషి అలా తేలగలడని పుట్టినప్పటి నుంచి చూస్తూనే ఉంది. ఆ రోజే కొత్తగా చూసినట్టనిపించింది.

వెంటనే భయమూ వేసింది. తన కాలు బాగుపడిందని అతను నమ్ముతున్నాడు. ఊరంతా నమ్ముతోంది. తను నోరు విప్పితే ఆ నమ్మకం పోతుంది, ఆటా పోతుంది. విప్పకపోతే, ఆ గుమ్మంలో అతను ప్రేమగా అడిగే ప్రశ్నకి ప్రతి వారం అబద్ధమే జవాబు.

మార్చి వచ్చింది. గెలుస్తున్నన్నాళ్లూ గీయకూడదని ఆటగాళ్ల గడ్డాలు పెరిగాయి. ప్రాంతీయ కప్పు గెలిచారు. దేశంలో మిగిలిన నాలుగు జట్లలో ఒకటయ్యారు. రెండున్నర వేల మంది పట్టే రింక్ నుంచి, పద్దెనిమిది వేల మంది పట్టే సెయింట్ పాల్ స్టేడియానికి.

ఏప్రిల్‌లో గురువారం సెమీఫైనల్. ఆ రోజు ఐలీకి ఖనిజశాస్త్రం పరీక్ష. స్కేట్లు ముందే పట్టి పంపింది. తగువు ఫోన్లో నడిచింది. “నా పేరు తెలిస్తే కదా” అని ఆమె లైబ్రరీ మెట్ల మీద నిలబడి అంటే, అవతల ఇరవై ఆరు మంది గోల చేశారు. నాలుగు మూడుతో గెలిచారు. శనివారం ఫైనల్.

శనివారం ఉదయం బస్సు దిగి నేరుగా స్టేడియానికి వచ్చింది. జట్టు మంచు మీద చిన్న ప్రాక్టీసులో ఉంది. అంత ఎత్తు కప్పు ఆమె ఎన్నడూ చూడలేదు. ఖాళీ కుర్చీలు కొండలా పైకి పోతున్నాయి. తల ఎత్తి చూస్తూనే, అలవాటు కొద్దీ చెవులు మంచు వైపు పెట్టింది.

రెమీ మలుపు తిరిగాడు. రెండు కాళ్లదీ ఒకే స్వరం.

ఐలీ చటుక్కున తల దించి చూసింది. అతను ఆగాడు. ఎడమ కాలు మళ్లీ ఊపిరి బిగబట్టింది, నవంబరులోలాగే.

సామాన్ల గదిలో ఆర్విడ్ బాబాయ్ హెల్మెట్లు తుడుస్తున్నాడు.

“బాబాయ్, రెమీ ఎడమ బ్లేడు ఏమైంది?”

“మొన్న ఆటలో పక్ బిళ్ల తగిలి చీలింది. కొత్త ఉక్కు వేశా. జతకి జత, రెండూ నేనే పట్టా.”

“ఎంత లోతు?”

“చీటీలో ఎంతుందో అంతే. ఎందుకు?”

చెప్పింది. ఎక్కడా ఆగకుండా, మొదటి శుక్రవారం నుంచీ చెప్పింది. ఆర్విడ్ కళ్లద్దాలు తీసి, హెల్మెట్ తుడిచే గుడ్డతోనే వాటినీ తుడుచుకున్నాడు.

“ఎన్ని ఆటలు?”

“ఇరవై ఆరు.”

“నీకు నేను చెప్పిందేమిటి?”

“వాడి మాట మీద చెయ్యి వెయ్యొద్దని.”

“మీ తాత చక్రం నీకిచ్చాను.” అది చాలు, ఐలీ కళ్లు నిండాయి.

“ఎడమది నేను మళ్లీ పట్టేస్తాను బాబాయ్. రెండు నిమిషాల పని. ఎవరికీ తెలియదు.”

“తెలియకుండా చేసిందే కదే ఇంత దూరం వచ్చింది. వాడు చీటీ మార్చి రాస్తే నేను పక్కకి తప్పుకుంటా, చక్రం నువ్వే పట్టు. వాడు రాయకపోతే వాడి మాట వాడిది. వెళ్లి చెప్పు.”

“ఇవాళా? ఫైనల్ రోజా? తగువులో ఒక్క ముక్క మారితే...”

“ఆ కాలితో ఆడితే?” అన్నాడు ఆర్విడ్.

సాయంత్రం అయిదు గంటలకి, ఆటకి గంటన్నర ముందు, జట్టు మొత్తం ఆ గది బయట చేరింది. కోచ్ కూడా ఏదో పనున్నట్టు అటువైపే తచ్చాడుతున్నాడు. గస్ నారింజ ఒలవడం మొదలుపెట్టాడు. రెమీ గుమ్మంలోకి వచ్చాడు. అతని గొంతులో ఈసారి ఇదివరకెప్పుడూ లేని మెత్తదనం.

“నా స్కేట్లు ఎవరు సాన పట్టారు?”

“నేనే. ఏం, తెగిందా?” అంది. అదీ అబద్ధమే ఈ రోజు.

“తెగడం కాదు. ఎవడి కాళ్లో అరువు తెచ్చుకుని తొడుక్కున్నట్టుంది.”

“అయితే అవి తిరిగిచ్చేసి నీ కాళ్లు తెచ్చుకో.”

“చీటీ చదివే పట్టావా?”

ఐలీ చక్రం వైపు చూడలేదు. అతని మొహంలోకి చూసింది.

“లేదు,” అంది.

నారింజ నేల మీద పడి దొర్లింది. ఎవరూ వంగి తీయలేదు.

“చీటీలో ఉన్నది ఎప్పుడూ పట్టలేదు. మొదటి రోజు నుంచీ నీ ఎడమ కాలికి లోతు తగ్గించాను. నీ చీలమండ నొప్పి పెడుతోందని చప్పుడులో తెలిసింది. నిన్ను అడగలేదు. ఇప్పుడు నీ చేతిలో ఉన్నవి బాబాయ్ పట్టినవి, చీటీ ప్రకారం. పొద్దున్న నొప్పి పుట్టింది కదూ? చీటీ మార్చి రాయి. పట్టి ఇస్తాను.”

రెమీ మొహంలోంచి ఆ మెత్తదనం మెల్లిగా జారిపోయింది.

“అంటే నా కాలు బాగవలేదు,” అన్నాడు.

“బాగవుతోంది. ఇంకా...”

“అయిదు నెలలుగా మా అమ్మకి ఫోన్ చేసి చెప్తున్నాను, కాలు తిరిగొచ్చిందమ్మా అని. నువ్వు కిటికీ దగ్గర కూర్చుని నా కాలి చప్పుడు వింటూనే ఉన్నావు. తెలిసి కూడా.”

“మాట్లాడకూడదన్నారు.”

“వారం వారం నా మొహం మీదే అన్నావు. చీటీలో ఉన్నదే పట్టానని.”

రెమీ స్కేట్లు చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. చీటీ రాయలేదు.

గస్ వంగి కిందపడ్డ పండుని తీసుకున్నాడు. “పద్దెనిమిది వేల మంది ముందు చస్తున్నాం,” అన్నాడు ప్రశాంతంగా.

మొదటి ఇరవై నిమిషాలూ గస్ అన్నట్టే సాగాయి. తూర్పు తీరం కాలేజీ వాళ్లు తెల్ల చొక్కాల్లో గాలిలా వచ్చారు. ఐలీ ఆటగాళ్లు వచ్చే సొరంగం నోటి దగ్గర, బాబాయ్ పక్కన నిలబడింది. అయిదో నిమిషంలో రెమీ ఎడమ వైపు తిరగబోయి అర క్షణం తడబడ్డాడు. ఆ అర క్షణంలోంచి ఒకడు దూసుకుపోయాడు. గోల్. పదిహేడో నిమిషంలో అదే చోట రెమీ పడ్డాడు. రెండో గోల్.

విరామం. మెట్లు దిగి జట్టు లోపలికి పోయింది. ఐలీ చక్రం దగ్గర కూర్చుంది, చేతులు ఒళ్లో పెట్టుకుని. లోపల కోచ్ గొంతు వినిపిస్తోంది. నిమిషాలు పోతున్నాయి.

తలుపు తోసుకుని గస్ వచ్చాడు. గోల్ కీపర్ దిళ్లన్నీ కట్టుకుని పీతలా పక్కకి నడుస్తూ వచ్చి, బల్ల మీద ఎడమ కాలి స్కేటు పెట్టాడు. దానికి ఒక చీటీ కట్టి ఉంది.

“వాడు పంపాడు. నేను చదవలేదు,” అని, “చదివాను,” అన్నాడు.

పెన్సిల్‌తో రాసి ఉంది. ఎడమ కాలు: ఆమె ఇష్టం.

ఆర్విడ్ ఆ చీటీ తీసుకుని రెండుసార్లు చదివి, జేబులో పెట్టుకున్నాడు. కుర్చీలోంచి లేచి పక్కకి తప్పుకున్నాడు.

చక్రం తిరిగింది. నిప్పురవ్వలు నారింజ రంగులో ఆమె మణికట్టు దాకా ఎగిశాయి. ఒకసారి లాగింది, రెండుసార్లు, ఆరుసార్లు. కళ్లు మూసుకుని విన్నది. తాత కూడా అలాగే చివరి లాగుడికి కళ్లు మూసుకునేవాడు. నూనె రాయితో అంచులు నిమిరి గస్ చేతిలో పెట్టింది.

“ఇంకేమైనా చెప్పాలా వాడికి?” అన్నాడు గస్.

“పరుగెత్తు.”

రెండో భాగంలో రెమీ మొదటి మలుపు తిరిగినప్పుడు స్టేడియం మొత్తంలో ఒక్క మనిషికే తెలిసింది తేడా. పైస్థాయి ఒకటి, కిందిది ఒకటి. ఐలీ చల్లటి గోడకి తల ఆనించింది.

కివిరాంత ఒక గోల్ కొట్టింది. మూడో భాగం మధ్యలో ఇంకొకటి. రెండు, రెండు. స్టేడియం లేచి నిలబడింది, మళ్లీ కూర్చోలేదు.

ఇంకా నిమిషం నలభై సెకన్లు. తెల్ల చొక్కాల్లో అందరికంటే వేగమైనవాడు మధ్య గీత దగ్గర పక్ అందుకున్నాడు. అతనికీ గస్‌కీ మధ్య ఉన్నది రెమీ ఒక్కడే, వెనక్కి జారుతూ. ఆ కుర్రాడు రెమీ ఎడమ వైపుకి ఊగాడు. మొదటి భాగంలో రెండుసార్లు గెలిచిన వైపే అది. అక్కడ ఈ పెద్ద మనిషికి బలహీనత ఉందని అతనికి తెలిసిపోయింది.

రెమీ ఎడమ కాలి మీద తిరిగాడు.

ఆ తిరగడం చూసినవాళ్లు ఆ తర్వాత దాన్ని ఎన్నో రకాలుగా చెప్పుకున్నారు. ఐలీకి గుర్తున్నది ఒక్కటే. అంత గోలలోనూ ఆ బ్లేడు చప్పుడు వినపడింది. బిగబట్టలేదు. పొడుగ్గా, లోతుగా, ఒక్క తీగ మీద వేలు చివరిదాకా జారినట్టు వెళ్లింది. వంద కిలోల మనిషి ఒక సన్నని అంచు మీద ఒరిగి, మంచుకి మోచేయి తగిలేటంత కిందకి ఒరిగి, పడకుండా, గాలి తిరిగినట్టు తిరిగి, కర్ర చాచి, ఆ కుర్రాడి ముందు నుంచి పక్‌ని కంచంలో మెతుకు తీసినట్టు తీసుకున్నాడు. పద్దెనిమిది వేల మంది ఒక్కసారిగా గుక్క పట్టారు. అరవలేదు. గుక్క పట్టారంతే.

తల ఎత్తి చూసి, అరవై అడుగుల దూరం పంపాడు పక్‌ని. అవతల గోల్ వైపు, సీజన్ మొత్తంలో మూడే గోల్స్ కొట్టిన కివిరాంత నాలుగో వరస కుర్రాడు, ఎప్పుడో గానీ ఆటలోకి దిగనివాడు, నిలబడి ఉన్నాడు. అతనికి కర్ర ఊపడం తప్ప పనేమీ మిగల్లేదు.

మూడు, రెండు.

మిగిలిన సెకన్లు ఎలా గడిచాయో ఎవరికీ తెలియదు. గంట మోగింది. చేతి తొడుగులు, హెల్మెట్లు, కర్రలు గాల్లోకి లేచాయి. కోచ్ మంచు మీద బూట్లతో పరుగెత్తి పడ్డాడు, లేవాలని కూడా అనుకోలేదు. ఆర్విడ్ బాబాయ్ చీటీ ఉన్న జేబు మీద చెయ్యి వేసుకుని నిలబడిపోయాడు. ఐలీకి తను ఏడుస్తున్న సంగతి, గడ్డం కింద తడి తగిలాక గానీ తెలియలేదు. నూట యాభై ఏళ్ల కిందట రాగి గనుల కోసం వెలిసిన చిన్న ఊరి పేరు, అంత ఎత్తు కప్పు కింద, అంతమంది నోట పలుకుతోంది.

గెలుపు కప్పు ఊరేగింపు అయింది. ఆమె సామాన్ల గదిలోకి వచ్చి చక్రాన్ని గుడ్డలో చుడుతోంది. మంచు మీద ఉండాల్సిన మనిషి గుమ్మంలోకి వచ్చాడు. చెమట, తడి గడ్డం, కాళ్లకి ఇంకా స్కేట్లు ఉన్నాయి.

“రాయకుండా వెళ్లినవాడివి, చీటీ ఎందుకు రాశావు?” అంది తల ఎత్తకుండా.

“పడ్డాక ఒక సంగతి గుర్తొచ్చింది.” రెమీ తలుపు చట్రానికి ఆనుకున్నాడు. “నువ్వు అబద్ధమాడావని నిలదీశాను కదా. నవంబరులో, ఆ మొదటి రోజు, ఆ స్కేట్లు వేసుకుని నాలుగు అడుగులు వేశాను. నా జన్మలో అంత బాగా ఎప్పుడూ లేవు.”

ఐలీ తల ఎత్తింది. “ఎవడి కాళ్లో అరువు తెచ్చుకున్నట్టుందన్నావు.”

“చక్రం మీంచి తల ఎత్తని అమ్మాయితో మాట ఎలా కలపాలి మరి? ఏదో ఒక వంక పెట్టి తగువు పెట్టుకుందామని వచ్చాను. పేరు అడిగి పోదామనుకున్నాను. ఈ గస్ గాడు దాన్ని మంత్రం చేసి కూర్చున్నాడు.”

“అంటే ఇరవై ఆరు ఆటలు...”

“ఇద్దరం సమానంగా అబద్ధాలాడాం.”

ఆమెకి నవ్వొచ్చింది. ఏడుపు ఇంకా ఆగలేదు. రెండూ కలిసి వచ్చాయి.

“అడక్కుండా నీ మాట మీద చెయ్యి వేశాను,” అంది. “అది మాత్రం తప్పే. ఇకమీదట అడుగుతాను.”

“అడుగు.”

“ఆగండి, ఆగండి.” రెమీ చంక కిందనుంచి గస్ దూరి వచ్చాడు. మెడలో గోల్ వల తునక, చేతిలో మట్టి అంటిన పాత నారింజ. “నోళ్లు మూయండి ఇద్దరూ. ఈ రోజు తగువు మారింది, కప్పు గెలిచాం. అర్థమైందా? వచ్చే ఏడాది నుంచి ఈ రోజు ఏమన్నారో అదే అనాలి. ఇప్పుడు అనబోయేది కూడా లెక్కలోకి వస్తుంది. సీజన్‌కి ముప్పై ఎనిమిది ఆటలు. ఆలోచించుకుని మాట్లాడండి.”

రెమీ నిజంగానే ఆలోచించాడు. స్టేడియంలో పాట మొదలైంది, ఎవరో అతన్ని పిలుస్తున్నారు.

“ఎక్కడ ఆపాం?” అన్నాడు.

“‘నీ పేరు చెప్తా’ అన్న చోట,” అంది ఐలీ.

“ఇవాళ పడ్డానంటే నీ పేరు చెప్తా.”

“నా పేరు తెలిస్తే కదా.”

“ఐలీ,” అన్నాడు రెమీ. అయిదు నెలలుగా నోట్లో దాచుకున్న మాట కావడంతో చాలా నెమ్మదిగా బయటికొచ్చింది. “ఐలీ కాంగస్. నువ్వంటే నాకు ప్రేమ.”

గస్ నారింజ ఒలవడం ఆపాడు. “ఇది కూడానా? ముప్పై ఎనిమిది సార్లూ?”

ఐలీ చక్రం వదిలి లేచి, గుమ్మం దాకా నడిచింది.

“ఒక్క ముక్క మారినా,” అంది, “నేను సాన పట్టను.”